ఐదోసారి దూకిన పిట్ట

పోయిన వారం మీటరమ్మను మంచినీళ్ళ శాఖ పెద్దాఫీసు మెట్ల మీద వదిలేసి వచ్చాం. చేతిలో మెమో ఉంది, పైకి వెళ్ళాలో వెనక్కి తిరగాలో తేలలేదు. ఒక మనిషిని వారం రోజులు మెట్ల మీద నిలబెట్టడం మర్యాద కాదు కాబట్టి ఈ రోజు ఆలస్యం చేయకుండా లోపలికి తీసుకెళదాం.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. మీటరమ్మకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. జలాశయం గట్టు మీద ఉన్న పంపు గదిలో పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా గంటగంటకూ మీటర్లు చూసి అంకెలు రాయడం ఆమె పని. అది ఒకప్పుడు తండ్రి చేసిన ఉద్యోగం. ఆయన ఉద్యోగంలో ఉండగానే పోతే, ఆడపిల్లలు రోడ్డున పడతారని జాలిపడి ఆఫీసువాళ్ళు చిన్నమ్మాయికి ఇచ్చారు. "నాన్నగారి కుర్చీ" అని అందరూ ప్రేమగానే అంటారు. ఆ ప్రేమే ఆమెకు గుచ్చుకుంటుంది. తనదంటూ ఒకటి సంపాదించుకోవాలని పై ఉద్యోగం పరీక్ష నాలుగుసార్లు రాసింది. నాలుగుసార్లూ తప్పింది. నాలుగో ఫలితం వచ్చిన పొద్దున, ఏడుపు ఆపుకోవడానికి కిటికీలోంచి నీళ్ళ వైపు చూస్తూ ఒక విడి కాగితం తీసుకుని, కనిపించింది కనిపించినట్టు రాయడం మొదలుపెట్టింది. పిట్టలు, తూనీగలు, గట్టు దిగువన పెరిగిన జమ్ము గడ్డి, నీటి రంగు. ఏడు నెలలుగా రోజూ రాస్తోంది. ఎవరికీ చూపించలేదు.

చూపించలేదని ఆమె అనుకుంది. గొడవంతా అక్కడే వచ్చింది.

మీటరు పుస్తకంలో పైన తెల్ల కాగితం, మధ్యలో కార్బన్, కింద పసుపు కాగితం ఉంటాయి. తెల్లది పంపు గదిలోనే ఉంటుంది, పసుపు నకలు సోమవారం సోమవారం కట్టగట్టి పెద్దాఫీసుకు పోతుంది. పంపు గదిలో ఉన్న ఒక్క ఇనప బల్లకూ ఒక కాలు పొట్టి. రాసుకోవడానికి గట్టి అట్ట కావాలి గనక మీటరమ్మ తన విడి కాగితం కింద మీటరు పుస్తకాన్నే పెట్టుకుంది. చిన్నప్పుడు "అచ్చు దిగేలా రాయవే" అని పంతులమ్మ చేత మొట్టికాయలు తిన్న పిల్ల కదా, అచ్చు దిగింది. ఆమె రాసిన ప్రతి అక్షరమూ కార్బన్ పుణ్యమా అని పసుపు నకలు మీద నీలంగా పడింది. ఏడు నెలల పాటు క్లోరిన్ అంకెల మీద కొంగలు వాలాయి.

"మాకు అందిన పేరు లేని ఉత్తరాన్ని బట్టి మీ కేంద్రం నకళ్ళు పరిశీలించగా" అని మొదలైన ఆ మెమో, "మిమ్మల్ని ఫిర్యాదుల ఫోను గదికి ఎందుకు మార్చకూడదో స్వయంగా వచ్చి చెప్పవలెను" అని ముగిసింది. ఫిర్యాదుల ఫోను గదిలో నాలుగు ఫోన్లున్నాయి. కిటికీ ఒక్కటీ లేదు. మీటరమ్మకు మిగతా మెమో అంతా మసకగానే అర్థమైంది గానీ, కిటికీ లేదన్న సంగతి మాత్రం గుండెలో దిగబడిపోయింది.

మెట్ల మీద ఆమెను కదిలించింది అక్క మాట. అక్క ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని ఊళ్ళో సగం మందికి జాకెట్లు, చొక్కాలు కుడుతుంది. పొద్దున నోట్లో గుండుసూదులు పెట్టుకునే చెప్పింది. "తల దించుకుని మాట్లాడకు. నీ నేల చూపులు చూస్తే చేయని తప్పు కూడా చేసినట్టే కనిపిస్తావు." మీటరమ్మ తల ఎత్తింది. ఎత్తిన తల మళ్ళీ దిగేలోపు గబగబా మెట్లెక్కేసింది.

పెద్ద ఇంజినీరును వెనకాల అందరూ స్కేలు సారు అంటారు. ఎక్కడికి వెళ్ళినా ఆయన చేతిలో స్టీలు స్కేలు ఉంటుంది. పైపులు కొలుస్తాడు, పగుళ్ళు కొలుస్తాడు, కొలవడానికేమీ లేకపోతే అరచేతిలో టపటపా కొట్టుకుంటాడు. ఆయన బల్ల మీద ఇప్పుడు పసుపు కాగితాల కట్ట ఉంది. ఫ్యాను గాలికి ఎగరకుండా దాని మీద పంపుది పాత ఇత్తడి నట్టు పెట్టారు. బీరువా పక్కన ఫైళ్ళ బాబాయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నకళ్ళన్నీ సర్ది దాచే పాత గుమాస్తా ఆయన. మీటరమ్మ తండ్రితో కలిసి పనిచేసినవాడు. ఆయన ముఖంలోకి చూస్తే కాస్త ధైర్యం దొరుకుతుందేమోనని చూసింది. ఆయన బీరువా తాళం వైపు చూస్తున్నాడు.

"కూర్చోండి."

"పర్లేదండీ."

"పర్లేదని నేనూ అనుకుంటే మిమ్మల్ని పిలిచేవాణ్ణి కాదు. కూర్చోండి."

కూర్చుంది. ఆయన కట్టలోంచి ఒక కాగితం లాగాడు.

"ఏడో తారీఖు, ఎనిమిది గంటలకి క్లోరిన్ ఎంతో నాకు కనపడట్లేదు. మీకు కనపడుతోందా?"

"లేదండీ."

"ఏం కనపడుతోంది?"

"జమ్ముకోడి గూడు అండీ."

"ఊళ్ళో జనం తాగే నీళ్ళండీ ఇవి. రేపెవరైనా వచ్చి ఆ రోజు మందు ఎంత కలిపారని అడిగితే నేను జమ్ముకోడి గూడు చూపించాలి."

ఆయన గొంతులో కోపం లేదు. అదే ఇంకా భయం వేసింది. ఇంకో కాగితం తీసి, స్కేలు అడ్డంగా పెట్టుకుని, లైను లైనుకీ కిందికి జరుపుతూ, కొటేషన్లు చదివినట్టు చదవడం మొదలుపెట్టాడు.

"ఆరు నలభై. లకుముకి పిట్ట తీగ మీద కూర్చుంది. నాలుగుసార్లు దూకింది. నాలుగుసార్లూ ఉత్త ముక్కుతోనే వచ్చింది. ఐదోసారి దూకే ముందు ఒళ్ళు దులుపుకుంది. సిగ్గుపడినట్టు లేదు."

స్కేలు అక్కడే ఆగిపోయింది. తను ఒంటరిగా, తన కోసం రాసుకున్న మాట పరాయి మగమనిషి నోటి నుంచి వినపడుతుంటే మీటరమ్మకు నడిబజారులో నిలబెట్టినట్టుంది. నాలుగుసార్లంటే ఏమిటో ఈయనకు తెలుసా? తెలియకుండా ఎలా ఉంటుంది, నాలుగుసార్లూ దరఖాస్తు మీద సంతకం పెట్టి పంపింది ఈయనే కదా.

సారు ఆ కాగితాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీశాడు. చదవబోయి ఒకసారి ఆమె వైపు చూశాడు.

"పద్దెనిమిదో తారీఖు. ఆ రోజు నేను మీ దగ్గరకి తనిఖీకి వచ్చాను."

మీటరమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ రోజు ఏం రాసిందో ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఈ రోజు కొంగలు రెండొచ్చాయి," సారు చదివాడు. "ఒకటి నీళ్ళలో ఒంటికాలి మీద నిలబడింది. రెండోది గట్టు మీద, చేతిలో అరచెయ్యంత స్కేలు పట్టుకుని నిలబడింది. మొదటిది చేప కోసం చూస్తోంది. రెండోది తప్పు కోసం. రెంటికీ ఓపిక ఎక్కువే."

బీరువా పక్క నుంచి దగ్గులాంటిది వినపడింది. ఫైళ్ళ బాబాయి భుజాలు కదులుతున్నాయి.

"రెండో కొంగ ఎవరండీ?"

మీటరమ్మ, భూమి విచ్చుకుంటే ఫోను గదికి కాదు, అటే వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉంది.

"ఇందులో ఒక తప్పుంది," అన్నాడు సారు. స్కేలు ఎత్తి చూపించాడు. "ఇది అరచెయ్యంత కాదు. అడుగు స్కేలు. చూసింది రాసేటప్పుడు కొలత సరిగ్గా ఉండాలి."

ఆయన మీసాల చివర ఏదో కదిలింది. అది నవ్వు అని ఆమె నమ్మలేదు. ఫైళ్ళ బాబాయి మాత్రం ఇక ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నవ్వుతున్నావేంటయ్యా? ఇన్ని నెలలుగా ఈ కాగితాలు నీ చేతిలోంచే పోయాయి. నువ్వు చూళ్ళేదా?"

"చూశాను సార్," అన్నాడు బాబాయి, తేలు కుట్టిన దొంగలా. "చూస్తూనే ఉన్నాను. సోమవారం కట్ట వస్తే ముందు నేను చదువుతాను. భోజనాలప్పుడు టైపిస్టమ్మ పైకి చదువుతుంది. పక్క సెక్షన్ వాళ్ళూ వచ్చి కూర్చుంటారు. మొన్న జమ్ముకోడి గుడ్లు పొదిగిందా లేదా అని ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు సార్."

వారం వారం రావలసిన కాగితాల కోసం కాచుక్కూర్చోవడం ఎలా ఉంటుందో, ఈ పత్రిక చదివేవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. మీటరమ్మకు మాత్రం అది అసలు తలకెక్కలేదు. చదివారా? భోజనాలు చేస్తూ? తన కోసం?

"అయితే నాకు తప్ప ఆఫీసందరికీ తెలుసన్నమాట," అన్నాడు సారు. సొరుగులోంచి అట్ట ఊడిన ఒక పాత పుస్తకం తీశాడు. "ఇది మన శాఖ నిబంధనల పుస్తకం. మీటరు కాగితంలో చివరి గడి పేరేంటి?"

"పరిశీలన అండీ."

"అందులో ఏం రాయాలో తెలుసా?"

మీటరమ్మ తల అడ్డంగా ఊపింది. ఆ గడిలో రాయడానికి ఒకటే మాట తెలుసు ఆమెకు. తండ్రి రాసిందీ, ఆయన ముందువాళ్ళు రాసిందీ అదే.

"జలాశయం పరిసరములందు పక్షులు, చేపలు, నాచు, నీటి రంగులలో కానవచ్చు మార్పులను విధిగా నమోదు చేయవలెను," అని సారు చదివాడు. "విధిగా అని ఉంది. పదకొండు కేంద్రాల కాగితాలు తెప్పించి చూశాను. అన్నిట్లో ఒకటే మాట. 'ఏమీ లేదు'. ఏళ్ళ తరబడి, ఎక్కడా ఏమీ లేదు. మీరూ అదే రాశారు. పైన తెల్ల కాగితం మీద 'ఏమీ లేదు'. కింద పసుపు కాగితం మీద ఇంత ఉంది. ఎందుకండీ?"

ఇది అడుగుతాడని ఆమె అనుకోలేదు. తల వంచబోయింది, అక్క గుర్తొచ్చి ఆగింది.

"ఆ గడిలో నాలాంటిది రాయదగ్గది ఏముంటుందనుకున్నానండీ," అంది. "రోజూ ఏమీ లేదు, ఏమీ లేదు అని రాస్తుంటే నా గురించే రాస్తున్నట్టుండేది. విడి కాగితం మీదైతే ఎవరూ చూడరు కదా. పిట్టని సరిగ్గా రాయాలంటే సరిగ్గా చూడాలండీ. చూస్తున్నంతసేపు నేను పరీక్ష తప్పినదాన్నని గుర్తుండదు. రాశాక చదువుకుంటే, ఇది నేను చూశాను, నేను రాశాను అనిపిస్తుంది. నాన్న ఇచ్చింది కాదు, ఆఫీసు జాలిపడి ఇచ్చిందీ కాదు. నాకున్నది అదొక్కటేనండీ. ఫోను గదికి వేస్తే..."

ఇంకో మాట అంటే ఏడుస్తానని తెలిసి, ఫ్యాను గాలికి లేస్తున్న పసుపు కాగితం అంచుని వేలితో అదిమింది.

సారు పుస్తకం మూసేశాడు. "మీ తప్పు తప్పే. అంకెలు కనపడని నకలు నకలు కాదు. కాబట్టి మీ దగ్గరున్న తెల్ల కాగితాలు చూసి ఏడు నెలల నకళ్ళూ మళ్ళీ రాయాలి. శుభ్రంగా. పనివేళల్లోనే రాయండి, ఇంటికి మోసుకుపోవద్దు. రెండోది, రేపట్నుంచి విడి కాగితం పెట్టారంటే ఊరుకోను. ఏం చూసినా పరిశీలన గడిలో రాయాలి. చోటు చాలకపోతే వెనక కాగితం అంటించండి. కింద సంతకం పెట్టండి."

"సంతకమా అండీ?"

"ఎవరు చూశారో తెలియాలిగా."

"మరి ఫోను గది?"

"అక్కడ కిటికీ లేదు. ఏం చూసి రాస్తారు?"

మీటరమ్మ గుండె మీద నుంచి కొండంత బరువు దిగింది. లేచి నమస్కారం పెట్టింది. గుమ్మం దగ్గర ఆగి అడిగింది. "ఆ ఉత్తరం రాసింది ఎవరండీ?"

"పేరు లేదు. కట్టలు చిత్తుకాగితాల్లో కలిసిపోకముందే చదవండి అని ఒక్క వాక్యం. ఆకాశరామన్న ఎవరో నాకెలా తెలుస్తుంది?"

ఫైళ్ళ బాబాయి మెట్ల దాకా వచ్చి పసుపు కట్ట ఆమె చేతిలో పెట్టాడు. "ఇవి నీవేనమ్మా, నీ దగ్గరే ఉంచుకో. అన్నట్టు, కాగితానికి రెండు వైపులుంటాయి. తిప్పి చూడటం మర్చిపోకు."

అంత పొడుగు కథ మిషను ఆపి ఎప్పుడూ వినని అక్క, ఆ సాయంత్రం విన్నది. అంతా విన్నాక ముఖం ముడుచుకుంది.

"అంటే ఆఫీసంతా చదివింది. టైపిస్టు చదివింది. సొంత అక్కకి మాత్రం చూపించలేదు."

"నువ్వు నవ్వుతావనుకున్నానక్కా."

"నవ్వితే నవ్వుతాను. నవ్వడానికి నాకు హక్కు లేదా? చదువు. నేను గుండీలు కుడుతూ వింటాను."

చదివింది. కొంగల దగ్గర అక్క నిజంగానే పగలబడి నవ్వింది. లకుముకి పిట్ట దగ్గర మాత్రం సూది ఆగింది. "ఆ చివర్ది మళ్ళీ చదువు," అంది. మళ్ళీ చదివాక దారం పళ్ళతో కొరికి, తల ఎత్తకుండానే అంది. "నాలుగోసారి తప్పినప్పుడు నీకేం చెప్పాలో నాకు తెలీలేదే. అందుకే ఏమీ అన్లేదు. పిట్టకి తెలిసింది చూడు." ఆ పూట మీటరమ్మ చాలా రోజుల తర్వాత ఆకలి తెలిసి అన్నం తింది.

మర్నాడు పంపు గదిలో తెల్ల కాగితాలు ఒక పక్క, పసుపు కట్ట ఒక పక్క పెట్టుకుని కూర్చుంది. పొద్దున్నే పరిశీలన గడిలో జమ్ముకోడి పిల్లల గురించి రెండు వాక్యాలు రాసి, కింద సంతకం చేసింది. బల్ల పొట్టి కాలి మీద ఊగి సంతకం వంకరగా వచ్చింది. అయినా బాగానే ఉందనిపించింది. పదకొండింటికి బాబాయి మాట గుర్తొచ్చి ఒక పసుపు కాగితాన్ని వెనక్కి తిప్పింది.

వెనక పెన్సిలుతో, చీమల్లాంటి అక్షరాలు. "పిల్లలు ఐదు కాదు, ఆరు. ఆరోది జమ్ము వెనక ఉండిపోతోంది."

ఇంకోటి తిప్పింది. "ఈ తూనీగలు మధ్యాహ్నం మూడింటప్పుడు ఎక్కువ వస్తాయి." ఇంకోటి. "పాము కాదు, తుంగ వేరు. నేనూ భయపడ్డాను."

ఆ చేతిరాత ఆమెకు తెలుసు. మూడేళ్ళుగా అప్పగింతల పుస్తకంలో రోజూ తన సంతకం పక్కన "తీసుకున్నాను" అని కనిపించే చేతిరాత అది. రెండో షిఫ్టాయన. రోజు చివర పసుపు కాగితం చింపి సొరుగులో పెట్టేది ఆయనే. ఆయన్ని అందరూ తలూపు గారు అంటారు. వస్తే తలూపుతాడు, వెళితే తలూపుతాడు. మూడేళ్ళలో ఆయన గొంతు ఎలా ఉంటుందో మీటరమ్మకు తెలియదు. పొగరేమోనని ఒకప్పుడు, మూగేమోనని ఒకప్పుడు అనుకుంది.

గబగబా కట్ట వెతికింది. లకుముకి పిట్ట కాగితం దొరికింది. తిప్పింది.

"సాయంత్రం నాలుగున్నరకు దొరికింది. పెద్ద చేప. ఎన్నోసారో నేను లెక్కపెట్టలేదు."

మీటరమ్మ ఏడ్చింది. ఏడు నెలల కిందట ఆపుకున్న ఏడుపే అది, ఇన్నాళ్ళకు హాయిగా వచ్చింది. కళ్ళు తుడుచుకుని, పన్నెండు గంటల మీటరు చూసి, అంకె తప్పు పోకుండా రాసింది.

సరిగ్గా రెండింటికి తలూపు గారు వచ్చాడు. తలూపి, తాళాల కోసం చెయ్యి చాచాడు. ఆమె తాళాలు ఇవ్వలేదు.

"ఆ చేప ఎంత పెద్దదండీ?"

ఆయన చెయ్యి గాల్లోనే ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి. రెండు అరచేతులూ ఎడంగా పెట్టి జానెడు కొలత చూపించాడు. అంతటితో అయిపోతుందనుకుంది. కాలేదు.

"ఆ ఉత్తరం కూడా నేనే రాశానండీ," అన్నాడు. మంచి గొంతు, వాడకపోవడంతో కాస్త బొంగురుపోయింది. "మీ మీద ఫిర్యాదు కాదు. చదవమని రాశాను."

"ముందు నాతో ఒక్క మాట అనొచ్చుగా! నా ప్రాణం పోయిందనుకోండి."

"అనాలనే రోజూ వచ్చేవాణ్ణి." ఆయన కిటికీ దగ్గరికి నడిచాడు. "టైం లేకపోయిందండీ. పోయిన నెల నా షిఫ్టులో కొలతలవాళ్ళు వచ్చారు. అటు చూడండి."

అవతలి గట్టు కింద, జమ్ము పొడవునా, ఎర్ర గుడ్డ కట్టిన మేకులు వరసగా నిలబడి ఉన్నాయి. పొద్దున అవి లేవు, తను కాగితాల్లో మునిగి ఉండగా పాతినట్టున్నారు. వాటి మధ్యగా జమ్ముకోడి ఈదుతోంది. వెనక ఐదు నల్లటి పిల్లలు. కాస్త ఆగి, ఆరోది.

"జమ్మంతా కొట్టేసి రాతిగట్టు కడతారటండీ. అక్కడేమీ లేదని కాగితాల్లో ఉందట. ఉందని రాసింది మీరొక్కరే."

మీటరమ్మ తాళాలు బల్ల మీద పెట్టింది. పరిశీలన గడిలో పొద్దున తను చేసిన వంకర సంతకం కనిపించింది. కుర్చీ లాక్కుని మళ్ళీ కూర్చుని, పెన్ను మూత తీసింది.

"జమ్ము కొట్టమన్న ఆర్డరు మీద సంతకం ఎవరిదండీ?"

తలూపు గారి మాటల కోటా ఆ రోజుకి అయిపోయినట్టుంది. ఆయన మళ్ళీ రెండు అరచేతులూ ఎడంగా పెట్టి చూపించాడు. ఈసారి చేప కొలత కాదు. సరిగ్గా అడుగు స్కేలంత.